మీ బిల్డ్ టూల్‌కు ప్లగిన్ వ్యవస్థ కట్టడం ఎలా?

“మా బిల్డ్ స్క్రిప్టు మొదట్లో చిన్నదే. ఇప్పుడు ప్రతి టీమూ వచ్చి తన పని ఒకటి అందులో ఇరికించి పోతోంది. ప్లగిన్లు పెట్టేద్దామనుకుంటున్నాం, ఎక్కడ మొదలుపెట్టాలి?” ఇదే ప్రశ్న రకరకాల రూపాల్లో వస్తూనే ఉంది. అందరికీ పనికొచ్చేలా జవాబు ఒక్కచోట రాస్తున్నాను. బిల్డ్ టూల్ అంటే సోర్స్ కోడును నడిచే ప్రోగ్రామ్‌గా తయారుచేసే పరికరం, ప్లగిన్ అంటే ఆ టూల్ కోడును ముట్టుకోకుండా బయటి నుంచి తగిలించే అదనపు పని.

మీరు ఇప్పటికే గ్రేడిల్, మేవెన్, వీట్ వంటి సిద్ధంగా దొరికే బిల్డ్ టూళ్లు వాడుతుంటే కొత్త వ్యవస్థ జోలికి పోకండి. వాటికే ఒక ప్లగిన్ రాసుకోండి, పని అయిపోతుంది. కింద రాసినదంతా సొంత బిల్డ్ టూల్ ఉండి, దాన్ని ఇతరులు పొడిగించుకునేలా చేయవలసిన వారి కోసం. ఏ ప్రోగ్రామింగ్ భాషలో రాసినా పద్ధతి ఒకటే కాబట్టి కోడు ఇవ్వడం లేదు.

చివరిదాకా ఒకే ఉదాహరణ పట్టుకుందాం. ఒక యాప్‌కు ఇంగ్లిష్, తెలుగు, హిందీ సందేశాల ఫైళ్లు ఉన్నాయి. ఇంగ్లిష్ ఫైలులో ఉన్న ప్రతి సందేశం మిగతా రెండింటిలో ఉందా, సందేశం మధ్యలో వాడుకరి పేరు కోసం విడిచిన ఖాళీ అనువాదంలో తప్పిపోలేదు కదా అని చూసే ప్లగిన్ కావాలి. తెలుగు వాక్యంలో ఆ ఖాళీ చోటు మారవచ్చు, మాయం కాకూడదు. దీన్ని సందేశాల ప్లగిన్ అందాం.

కావలసినవి

- ప్లగిన్లు లేకుండానే సరిగా పనిచేస్తున్న బిల్డ్ టూల్. అదే తడబడుతుంటే ప్లగిన్లతో బాగుపడదు.
- వేర్వేరు టీమ్‌ల నుంచి వచ్చిన మూడు నిజమైన అవసరాలు. “రేపు ఎవరికైనా కావాలేమో” అన్నవి లెక్కలోకి రావు.
- నిమిషంలోపు బిల్డ్ అయ్యే చిన్న నమూనా ప్రాజెక్టు.
- కొత్త హుక్ (బిల్డ్ మధ్యలో ప్లగిన్‌ను పిలిచే చోటు) అడిగినవారికి “వద్దు” అని చెప్పగల అధికారం ఉన్న ఒక మనిషి. నవ్వులాటకు రాయడం లేదు. ఈ మనిషి లేని చోట ఏడాది తిరిగేసరికి హుక్‌ల లెక్క ఎవరికీ తెలియకుండా పోతుంది.

1. ముందు ప్లగిన్లు రాయండి, తర్వాత వ్యవస్థ

మూడు అవసరాలను మూడు ప్లగిన్లుగా కాగితం మీద రాయండి. మూడూ ఒకే జాతివి కాకుండా చూసుకోండి. ఒకటి ఫైలును మార్చేది, ఒకటి కేవలం తనిఖీ చేసేది, ఒకటి కొత్త ఫైలు పుట్టించేది. మన సందేశాల ప్లగిన్ రెండో జాతి. ఒక్కోదానికి ఏమేం తెలియాలి, ఏం తిరిగి ఇవ్వాలి, బిల్డ్‌లో ఏ దశలో నడవాలి అన్నవి రాసుకుంటే చాలు.

ఒకే ప్లగిన్‌ను చూసి వ్యవస్థ కడితే అది ఆ ప్లగిన్ కొలతకు కుట్టిన చొక్కా అవుతుంది. రెండోవాడికి పట్టదు.

2. హుక్‌లు తక్కువ పెట్టండి

మీ బిల్డ్ దశలను వరుసగా రాసి, మూడు ప్లగిన్లకు నిజంగా కావలసిన చోట్ల మాత్రమే హుక్ పెట్టండి. జావాస్క్రిప్టు బిల్డ్ టూల్ ఈఎస్‌బిల్డ్ ప్రధానంగా నాలుగింటితో నెట్టుకొస్తోంది: బిల్డ్ మొదలు, దారి వెతకడం, ఫైలు తెరవడం, బిల్డ్ ముగింపు. మేవెన్ పద్ధతి వేరు. దాని బిల్డ్ జీవితచక్రంలో కంపైల్, టెస్ట్, ప్యాకేజ్, వెరిఫై వంటి దశలు ముందే ఖాయం. ప్లగిన్ తన పనిని వాటిలో ఒకదానికి తగిలించుకుంటుంది. సొంత టూల్‌కు నేనైతే మొదటి దారే చెబుతాను, ఎందుకంటే దశలు ముందే ఖాయం చేయాలంటే మీ వాడుకరుల ప్రాజెక్టులన్నీ ఒకే తీరులో ఉండాలి.

హెచ్చరిక: హుక్ తర్వాత చేర్చడం తేలిక, తీసేయడం కష్టం. సందేహం ఉంటే పెట్టకండి.

3. ప్రతి హుక్‌కూ ఫలితాలు ఎలా కలుస్తాయో తేల్చండి

చాలామంది దాటేసే మెట్టు ఇదే. ఒకే హుక్‌కు రెండు ప్లగిన్లు జవాబిస్తే ఏం జరగాలి? దీనికి మూడు రకాల సమాధానాలున్నాయి.

మొదటి రకంలో, ముందు జవాబిచ్చినదే గెలుస్తుంది, మిగతావాటిని అడగరు. “ఈ పేరుగల ఫైలు ఎక్కడుంది?” అన్న ప్రశ్నకు ఇది సరిపోతుంది. రెండో రకం గొలుసు: ఒకదాని ఫలితం తర్వాతిదానికి ముడిసరుకు. ఫైలులోని పాఠ్యాన్ని మార్చే పనులకు ఇదే దారి. మూడో రకంలో అందరూ ఒకేసారి నడుస్తారు, ఎవరూ ఏమీ తిరిగి ఇవ్వరు. తనిఖీలు ఇందులోకి వస్తాయి. రోలప్ అనే జావాస్క్రిప్టు బిల్డ్ టూల్‌లో ఈ మూడూ స్పష్టంగా కనిపిస్తాయి: దారి వెతికే హుక్, ఫైలు తెరిచే హుక్ మొదటి రకం, పాఠ్యం మార్చే హుక్ రెండో రకం, బిల్డ్ మొదలయ్యే హుక్ మూడో రకం. అదే కోవకు చెందిన వెబ్‌ప్యాక్ ఇదే పనికి ట్యాపబుల్ అనే విడి లైబ్రరీని వాడుతుంది.

ఇక్కడ ఎక్కువగా దొర్లే తప్పు, “నాకు జవాబు లేదు” అన్నదాన్నీ “నా జవాబు ఖాళీ” అన్నదాన్నీ ఒకటిగా చూడడం. ఫైలు తెరిచే హుక్‌లో ప్లగిన్ ఖాళీ స్ట్రింగ్ ఇస్తే, ఆ ఫైలులో ఏమీ లేదని అర్థం. నల్ (విలువే లేదని చెప్పే గుర్తు) ఇస్తే, ఇది నా పని కాదు, తర్వాతివారిని అడగండి అని అర్థం. మీ కోడు “విలువ నిజమా, అబద్ధమా” అని మాత్రమే పరీక్షిస్తే ఖాళీ స్ట్రింగ్ కూడా “జవాబు లేదు” ఖాతాలో పడుతుంది. అప్పుడు ఖాళీగా ఉండాల్సిన ఫైలు స్థానంలో డిస్కు మీది పాత ఫైలు వచ్చి చేరుతుంది. ఈ లోపాన్ని వెతికి పట్టుకోవడం పెద్ద తలనొప్పి, నల్‌ను మాత్రమే విడిగా పరీక్షించి ముందే తప్పించుకోండి.

మూడో రకానికి ఒక షరతు: ఒకేసారి నడిచే ప్లగిన్లు ఒకే డేటాను మార్చకూడదు. మాటతో వదిలేయకుండా, వాటికి ఇచ్చే వస్తువును మార్చడానికి వీల్లేకుండా గడ్డకట్టించి ఇవ్వండి.

4. లోపలి వస్తువులు చేతికివ్వకండి

ప్లగిన్‌కు ఏమివ్వాలి? బద్ధకంతో చాలామంది టూల్ లోపలి ప్రధాన వస్తువునే ఇచ్చేస్తారు. ఆ క్షణం నుంచి దానిలోని ప్రతి ఫీల్డూ మీరు ఇచ్చిన మాట కింద లెక్క. ఎవరో ఒకరు దాన్ని వాడతారు, మీరు పేరు మార్చిన రోజున వాళ్ల బిల్డ్ ఆగిపోతుంది.

వెబ్‌ప్యాక్ ప్లగిన్లకు కంపైలర్, కంపైలేషన్ అనే లోపలి వస్తువులే అందుతాయి. వాటి బలం అదే, బరువూ అదే. 2020 అక్టోబరులో 5వ వెర్షన్ వచ్చినప్పుడు, అవుట్‌పుట్ ఫైళ్లను ఆఖరి దశలో మార్చే ప్లగిన్ల కోసం దశలవారీగా నడిచే కొత్త హుక్ తెచ్చారు. పాత పద్ధతిలో రాసినవారు కోడు మార్చుకోవలసి వచ్చింది.

మీరు చేయవలసింది: ఒక చిన్న కాంటెక్స్ట్ వస్తువు తయారుచేయండి. అందులో ఫైలు గానీ ఫోల్డర్ జాబితా గానీ చదవడం, ఫైలు రాయడం, హెచ్చరిక ఇవ్వడం, లోపం చూపడం, సెట్టింగులు అడగడం ఉంటే చాలు. సందేశాల ప్లగిన్‌కు ఇంతకు మించి అవసరం రాదు. ఎవరైనా ఆరోది అడిగితే, అది లేకుండా వాళ్ల పని ఎందుకు సాగదో ఉదాహరణతో చూపమనండి.

5. ఇన్‌పుట్, అవుట్‌పుట్ చెప్పించండి

ఈ వ్యాసంలో ఒక్క మెట్టే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి. ప్లగిన్ ఏయే ఫైళ్లు చదువుతుందో, ఏయే ఫైళ్లు రాస్తుందో మీ టూల్‌కు తెలియకపోతే కాష్ (మళ్లీ వాడడానికి దాచిన పాత ఫలితాలు) నమ్మదగినది కాదు, మార్పులకు మాత్రమే బిల్డ్ చేయడం కుదరదు, రెండు పనులను ఒకేసారి నడపడం ప్రమాదం.

సందేశాల ప్లగిన్‌నే చూడండి. రాసినవారు తెలుగు, హిందీ ఫైళ్లను ఇన్‌పుట్‌గా చెప్పారు, ఇంగ్లిష్ ఫైలును చెప్పడం మరిచారు. ఎవరో ఇంగ్లిష్ ఫైలులో కొత్త సందేశం చేర్చారు. టూల్ చూసింది: తెలుగు మారలేదు, హిందీ మారలేదు, కనుక ఈ పని మళ్లీ నడపక్కరలేదు. బిల్డ్ పచ్చగా ముగిసింది. సర్వర్‌లో ఖాళీ ఫోల్డర్ నుంచి బిల్డ్ చేస్తే అదే ప్లగిన్ నడిచి విఫలమైంది. ఇక “నా మెషీన్‌లో బాగానే ఉంది” అన్న వాదన సాయంత్రం దాకా సాగుతుంది.

గ్రేడిల్ ఈ సంగతిని సూటిగా అడుగుతుంది. ప్రతి టాస్కులోనూ ఏది ఇన్‌పుట్, ఏది అవుట్‌పుట్ అన్నది గుర్తుపెట్టి చెప్పాలి. ఇన్‌పుట్ ఫైలు దారిని ఎంత కచ్చితంగా పోల్చాలో కూడా చెప్పాలి. చెప్పకపోతే పూర్తి దారినే పోలుస్తుంది. అప్పుడు మీ ఇంటి ఫోల్డర్ పేరు వేరు, సర్వర్ ఫోల్డర్ పేరు వేరు కాబట్టి ఇద్దరి మధ్యా కాష్ కలవదు.

ప్రకటనలు రాయించడం బరువనిపిస్తే మరో దారి ఉంది. ప్లగిన్ నేరుగా డిస్కు జోలికి పోకుండా మీ కాంటెక్స్ట్ ద్వారానే చదవాలని నియమం పెట్టండి. అప్పుడు ఏం చదివిందో మీకు దానంతటదే తెలుస్తుంది. ఇందులో రెండు కిటుకులున్నాయి. ఫోల్డర్‌లో ఏమేం ఉన్నాయని అడిగితే, ఆ జాబితా కూడా ఇన్‌పుట్టే. ఒక ఫైలు కోసం వెతికి “లేదు” అని తెలుసుకుంటే, ఆ లేకపోవడమూ ఇన్‌పుట్టే, ఎందుకంటే రేపు ఎవరైనా ఆ ఫైలు పెడితే ఫలితం మారుతుంది. రెండో కిటుకును మరిచిన టూళ్లు నేను చాలానే చూశాను.

కాష్ కీలో, అంటే దాచిన ఫలితాన్ని వెతకడానికి వాడే గుర్తులో, ఇవి తప్పక ఉండాలి: ప్లగిన్ పేరు, ప్లగిన్ వెర్షన్, దాని సెట్టింగులు, ఇన్‌పుట్ ఫైళ్లలోని పాఠ్యం నుంచి లెక్కకట్టిన హాష్. వెర్షన్ వదిలేస్తే, ప్లగిన్‌లో లోపం సరిదిద్దాక కూడా పాత తప్పు ఫలితమే కాష్ నుంచి వస్తూ ఉంటుంది.

దొంగచాటుగా దూరే ఇన్‌పుట్‌లు వేరే ఉన్నాయి. ఇప్పటి సమయం, ఎన్విరాన్‌మెంట్ వేరియబుళ్లు, నెట్‌వర్క్, మెషీన్ భాషా సెట్టింగు, ఫోల్డర్‌లో ఫైళ్లు వచ్చే వరుస. చివరిది ముఖ్యం: ఆపరేటింగ్ సిస్టమ్ ఫైళ్ల పేర్లను అక్షరక్రమంలో ఇస్తుందన్న హామీ లేదు. మీ కాంటెక్స్టే క్రమంలో పెట్టి ఇవ్వాలి. మరీ కట్టుదిట్టంగా ఉండాలంటే బేజల్ మాదిరి ప్రతి పనినీ దాని ప్రకటించిన ఫైళ్లు మాత్రమే కనిపించే శాండ్‌బాక్సులో నడపవచ్చు. చిన్న టూల్‌కు అంత అవసరం లేదు.

6. వరుసక్రమం

వీట్ మాదిరి ముందు, మామూలు, తర్వాత అని మూడు గదులు చాలు. ఒకే గదిలో ఉన్నవి సెట్టింగుల ఫైలులో రాసిన వరుసలో నడుస్తాయి. ప్రాధాన్యానికి అంకెలు ఇవ్వకండి. ఒకరు 100 అంటారు, పక్కవారు 101 అంటారు, ఆరు నెలలకు 99999 కనబడుతుంది.

“ఫలానా ప్లగిన్ తర్వాత నడవాలి” అని పేరుతో చెప్పే వీలు ఇస్తే, చక్రం పడినప్పుడు ఆ చక్రంలోని పేర్లన్నీ చూపించి ఆగండి. ఏదో ఒక వరుస ఎంచుకుని ముందుకు పోకండి.

7. నమోదు వేరు, నడపడం వేరు

ప్లగిన్ లోడయినప్పుడు “నాకు ఈ హుక్‌లు కావాలి, ఈ సెట్టింగులు కావాలి” అని నమోదు మాత్రమే చేయాలి. ఫైళ్లు చదవడం, లెక్కలు కట్టడం అప్పుడు చేయకూడదు. చేస్తే, వాడుకరి ఊరికే సహాయం తెర అడిగినా అందరి ప్లగిన్లూ పని మొదలుపెడతాయి. గ్రేడిల్‌లో టాస్కును వెంటనే సృష్టించే బదులు నమోదు చేసి వదిలేయమనడం, సెట్టింగు విలువలను అవసరమైనప్పుడే తెరిచే ప్రాపర్టీలుగా పెట్టడం ఇందుకే.

8. కనిపెట్టడం, లోడ్ చేయడం

ప్లగిన్లు సెట్టింగుల ఫైలులో పేరు రాస్తేనే లోడవాలి. జావాలోని సర్వీస్ లోడర్ వంటి వాటితో, దారిలో కనబడినదల్లా దానంతటదే లోడయ్యేలా పెట్టవచ్చు. మొదట హాయిగానే ఉంటుంది. తర్వాత ఒకరోజు, ఎవరూ అడగని ప్లగిన్ మరో లైబ్రరీ వెంట వచ్చి బిల్డ్‌ను మారుస్తుంది.

రెండు ప్లగిన్లకు ఒకే లైబ్రరీ వేర్వేరు వెర్షన్లు కావలసి వస్తుంది. జావాలో అయితే ఒక్కో ప్లగిన్‌కు విడి క్లాస్‌లోడర్ (కోడును మెమరీలోకి తెచ్చే భాగం) ఇవ్వండి. మీ ప్లగిన్ ఇంటర్‌ఫేస్ మాత్రం అందరికీ ఒకేచోటి నుంచి రావాలి. అది రెండుసార్లు లోడయితే “ఈ వస్తువు ప్లగిన్ రకానిది కాదు” అన్న వింత లోపం వస్తుంది, పేరు చూస్తే అదే ఉంటుంది. నోడ్‌లో అయితే మీ టూల్‌ను ప్లగిన్ తన సొంత డిపెండెన్సీగా కాక, పీర్ డిపెండెన్సీగా (వాడుకరి ప్రాజెక్టులో ఉన్నదాన్నే వాడుకునేలా) రాయాలి.

ఇంత తలనొప్పి ఎందుకనుకుంటే ప్రోటాక్ దారి చూడండి. ప్రోటోకాల్ బఫర్ల కంపైలరైన ప్రోటాక్‌కు ప్లగిన్ అంటే విడి ప్రోగ్రామ్. స్టాండర్డ్ ఇన్‌పుట్‌లో అభ్యర్థన తీసుకుంటుంది, స్టాండర్డ్ అవుట్‌పుట్‌లో ఫైళ్లు ఇస్తుంది. అంతే. ఏ భాషలోనైనా రాయవచ్చు, కూలిపోయినా టూల్ కూలదు. పిలుపుల సంఖ్య తక్కువగా ఉండే పనులకు ఇది అద్భుతం. వేల ఫైళ్లకు ఒక్కో ఫైలుకూ పిలవాలంటే మాత్రం నిదానం.

ఆ నిదానాన్ని తగ్గించే ఉపాయం ఈఎస్‌బిల్డ్‌లో ఉంది. అది గో భాషలో రాసిన టూల్, ప్లగిన్లు ఎక్కువగా జావాస్క్రిప్టులో ఉంటాయి. ఆ హద్దు దాటడం ఖరీదు. అందుకే దారి వెతికే హుక్‌కూ ఫైలు తెరిచే హుక్‌కూ ఫిల్టర్ ఇవ్వడం తప్పనిసరి చేశారు. ఫిల్టర్‌కు సరిపడని ఫైళ్లకు ప్లగిన్‌ను పిలవనే పిలవరు. మీరూ ఇదే చేయండి. ఫిల్టర్ ఏ రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ యాసలో రాయాలో మాత్రం స్పష్టంగా చెప్పండి. గో ఇంజిన్‌లో ముందుచూపు (లుక్‌అహెడ్) నమూనాలు పనిచేయవు, జావాస్క్రిప్టు అలవాటుతో రాసేవారు అక్కడే బోల్తాపడతారు.

భద్రత సంగతి: ప్లగిన్ అంటే మీ మెషీన్‌లో, మీ అనుమతులతో నడిచే పరాయి కోడు. 2018లో ఈవెంట్-స్ట్రీమ్ అనే పేరున్న నోడ్ ప్యాకేజీలోకి డిపెండెన్సీ రూపంలో హానికర కోడు దూరి, ఒక బిట్‌కాయిన్ వాలెట్ వాడుకరులను గురిపెట్టింది. కనుక ప్లగిన్ వెర్షన్‌ను లాక్ ఫైలులో (కచ్చితమైన వెర్షన్లు రాసి ఉంచే ఫైలు) కట్టేయండి, చెక్‌సమ్ (ఫైలు మారిందో లేదో చెప్పే సంఖ్య) సరిచూడండి, “సరికొత్తది ఏదైనా సరే” అన్న రాతను అనుమతించకండి.

9. లోపాల మాటలు

ప్లగిన్‌లో లోపం వస్తే వాడుకరి మిమ్మల్నే తిడతారు. అందుకే ప్రతి హుక్ పిలుపునూ చుట్టి, లోపంలో ప్లగిన్ పేరు, హుక్ పేరు, ఫైలు, వరుస సంఖ్య చేర్చండి. “విలువ దొరకలేదు” అన్నది పనికిరాదు. “సందేశాల ప్లగిన్, తనిఖీ హుక్: తెలుగు ఫైలు 42వ వరుసలో వాడుకరి పేరు ఖాళీ తప్పిపోయింది” అన్నది పనికొస్తుంది. బిల్డ్ చివర ఏ ప్లగిన్ ఎంత సమయం తీసుకుందో చూపే ఆప్షన్ కూడా ఇవ్వండి. “మీ టూల్ నెమ్మది” అన్న ఫిర్యాదుల్లో సగం అక్కడే తేలిపోతాయి.

ప్లగిన్ ప్రాసెస్‌ను నేరుగా ముగించకూడదు. లోపం మీకు అప్పజెప్పాలి, ఆపాలా వద్దా అన్నది టూల్ తేలుస్తుంది.

10. వెర్షన్

ప్లగిన్ ఇంటర్‌ఫేస్‌కు టూల్ వెర్షన్‌తో సంబంధం లేని విడి సంఖ్య పెట్టండి. ప్లగిన్ తనకు ఏ సంఖ్య కావాలో చెబుతుంది, సరిపడకపోతే మొదట్లోనే ఆపి కారణం చెప్పండి. హుక్ తీసేయాలంటే ఒక పెద్ద వెర్షన్ అంతా హెచ్చరికలు ఇచ్చి, తర్వాతిదాంట్లో తీయండి.

సరిగా వచ్చిందో లేదో చూడడం

నమూనా ప్రాజెక్టు మీద ఈ పరీక్షలు ఆటోమేటిగ్గా నడిచేలా పెట్టండి.

- ఏమీ మార్చకుండా రెండుసార్లు బిల్డ్ చేయండి. రెండోసారి ఒక్క ప్లగిన్ పని కూడా నడవకూడదు. నడిస్తే, ఏ ఇన్‌పుట్ మారిందని అనుకుందో టూల్ చెప్పగలగాలి. గ్రేడిల్‌లో వివరమైన లాగ్ అడిగితే ఈ కారణం కనిపిస్తుంది, మీ టూల్‌లోనూ పెట్టండి.
- ప్రతి ఇన్‌పుట్ ఫైలునూ ఒక్కొక్కటిగా మార్చి బిల్డ్ చేయండి. సంబంధిత పని తప్పక నడవాలి. ఇంగ్లిష్ ఫైలు మరిచిన తప్పును పట్టేది ఈ పరీక్షే.
- అదే ప్రాజెక్టును వేరే పేరున్న ఫోల్డర్‌లోకి కాపీ చేసి బిల్డ్ చేయండి. రెండు అవుట్‌పుట్‌ల చెక్‌సమ్‌లు ఒకటే రావాలి. రాకపోతే అవుట్‌పుట్‌లో పూర్తి దారి గానీ, సమయం గానీ దూరి ఉంటుంది.
- మార్పులకు మాత్రమే చేసిన బిల్డ్ ఫలితాన్నీ, అంతా తుడిచి చేసిన బిల్డ్ ఫలితాన్నీ పోల్చండి.
- కావాలని చెడగొట్టిన ప్లగిన్లు కొన్ని ఉంచుకోండి: లోపం విసిరేది, ఎప్పటికీ తిరిగిరానిది, ఖాళీ స్ట్రింగ్ ఇచ్చేది, ప్రకటించని ఫైలు చదివేది. ఒక్కోదానికి టూల్ ఏ మాట చెప్పి ఆగాలో, ఏది ఇచ్చినా ఆగకూడదో ముందే రాసి పెట్టి, అదే వచ్చిందో లేదో చూడండి.
- ప్లగిన్లన్నీ తీసేసి బిల్డ్ చేయండి. మామూలుగా నడవాలి.

ఇవన్నీ దాటాక, ఈ పనిలో పాలుపంచుకోని సహోద్యోగికి కాంటెక్స్ట్ వస్తువు వివరణ మాత్రమే ఇచ్చి, సందేశాల ప్లగిన్‌ను మొదటి నుంచి రాయమనండి. పక్కన కూర్చోండి, ఏమీ చెప్పకండి. టూల్ సోర్స్ కోడు ఎక్కడ తెరిచి చూశారో రాసుకోండి. మీ వివరణలో సరిదిద్దవలసిన చోట్లు అవే.